వాగు దాటే లెక్క ఎవరిది?

2023 వానాకాలం. ఖమ్మంలో మా కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో అప్పటికి నేనే సీనియర్ని. డిగ్రీ పిల్లలకు మెకానిక్స్ పాఠాలు చెప్పడం నా అసలు పని. దాంతోపాటు మా రీసెర్చ్ సెంటర్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్ల మధ్య తగవు వస్తే విచారించే కమిటీకి నన్ను అధ్యక్షురాలిని చేశారు. పదవి పేరు పెద్దదే గానీ, ఏడాదికి ఒకటో రెండో ఫిర్యాదులు వచ్చేవి. అవీ ఎవరో ఎవరిదో పేరా ఎత్తి రాశారన్నవే. సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపించిన వాక్యాలు చదివి, మళ్లీ రాసుకు రమ్మని పంపేవాళ్లం.

ఆ ఏడాది వచ్చిన కేసు అలాంటిది కాదు. స్టెల్లా అనే లెక్చరర్ సమర్పించిన థీసిస్ బయటి ఎగ్జామినర్ దగ్గరి నుంచి తిరిగొచ్చింది. మూడో అధ్యాయానికి ప్రాణమైన ఆలోచన అంతకుముందే అచ్చయిన ఒక పేపర్‌లో ఉందనీ, ఆ పేపర్ ప్రస్తావన థీసిస్‌లో ఎక్కడా లేదనీ, ఇది గ్రంథచౌర్యం కిందికి వస్తుందో లేదో తేల్చమనీ ఆయన రాశారు. ఆ పేపర్ రాసింది శ్రీకాంత్. అతనిదీ మా సెంటరే. ఇద్దరికీ గైడ్ ఒక్కరే.

అంటే కాగితం మీద ముద్దాయి స్టెల్లా. ఆమె మాకు ఇచ్చిన జవాబు ఒక్క పేజీ. "ఆ ఆలోచన నాది. నా ఆలోచనకు ఇంకొకరి పేపర్‌ను నేనెందుకు చూపించాలి?" అన్నది దాని సారాంశం.

బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ మా సబ్జెక్టులో ఈ తగవు పాతది, మొండిది కూడా. ప్రయోగాలు చేసేవాళ్లకు పరికరం ఉంటుంది, శాంపిల్ ఉంటుంది, ఎవరు ఏ రోజు ఏం కొలిచారో ఎక్కడో నమోదవుతుంది. థియరీ చేసేవాళ్లకు అవేవీ ఉండవు. ఒకరి నోట్లోంచి ఒక మాట వస్తుంది. ఇంకొకరి బుర్రలో అది నానుతుంది. కొన్నాళ్లకు సమీకరణం అయి బయటికొస్తుంది. అప్పుడు ఆ మాట ఎవరిదని అడిగితే ఇద్దరూ నిజాయితీగానే నాది అంటారు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఈ గొడవతో జీవితాంతం మాట్లాడుకోకుండా ఉండిపోయారు.

ముందు స్టెల్లాను పిలిచాం. నలభై దగ్గర పడ్డ మనిషి. మణుగూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్. సొంతూరు పినపాక అవతల. భర్త గనిలో ఉద్యోగం. ఇద్దరు పిల్లలు. థీసిస్ గడువు అప్పటికే పొడిగించి పొడిగించి చివరికొచ్చింది. ఈసారి పాస్ కాకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఇన్నేళ్ల చదువూ పోతుంది. కమిటీలో నాతోపాటు మ్యాథ్స్ ప్రొఫెసర్ రంగారావు గారు, యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక అధికారి ఉన్నారు. ఆ అధికారికి ఫిజిక్స్ రాదు కాబట్టి మొదటి నుంచి చెప్పమన్నాను.

ఆమె చెప్పింది. వాళ్లు చేస్తున్నది పర్కొలేషన్. ఒక బొగ్గు పలకను ఊహించుకోండి. దాని నిండా సన్నని పగుళ్లు. కొన్ని తెరుచుకుని ఉంటాయి, కొన్ని మూసుకుని ఉంటాయి. తెరిచినవి తక్కువైతే లోపలి గ్యాస్ లోపలే ఉండిపోతుంది. వాటిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే ఒక హద్దు దగ్గర ఉన్నట్టుండి ఈ చివరి నుంచి ఆ చివరికి దారి ఏర్పడుతుంది. ఆ హద్దును థ్రెషోల్డ్ అంటారు. గైడ్ గారు శ్రీకాంత్‌కు ఆ హద్దును లెక్కగట్టే పని ఇచ్చారు. పైనున్న బరువు మారితే పగుళ్లు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి కదా, ఆ ఒత్తిడి సంగతి చూడమని స్టెల్లాకు చెప్పారు.

శ్రీకాంత్ ఏడాది పాటు చేసిన లెక్కలో ఒక చిక్కొచ్చింది. అతని లెక్క ప్రకారం కొన్ని రకాల బొగ్గులోంచి గ్యాస్ అసలు బయటికి రాకూడదు. కానీ వస్తుంది. మెల్లగా వస్తుంది, అంతే.

శనివారాల్లో ఇద్దరూ గైడ్ దగ్గరికి ఖమ్మం వచ్చేవాళ్లు. స్టెల్లా మణుగూరులో బస్సెక్కితే శ్రీకాంత్ తన ఊరు జూలూరుపాడులో ఎక్కేవాడు. ఒక వానాకాలపు శనివారం అతను దిగాలుగా తన చిక్కు చెప్పుకున్నాడు. అప్పుడు స్టెల్లా వాళ్ల నాన్న గురించి చెప్పింది. ఆయన పాస్టర్. అడవిలోని గూడేలకు ప్రార్థనకు వెళ్లాలంటే మూడు వాగులు దాటాలి. వానలు పడితే ఆ మూడూ ఒకేసారి తగ్గిన రోజంటూ ఉండేది కాదు. అయినా ఆయన వెళ్లి వచ్చేవాడు. మొదటి వాగు తగ్గాక దాటి మధ్య ఊళ్లో ఎవరింట్లోనో ఉండేవాడు. రెండోది తగ్గాక దాన్ని దాటేవాడు. ఆయన మూడోది దాటే వేళకు వెనకటిది మళ్లీ పొంగి ఉండేది.

"దారి మొత్తం ఒక్కపారే తెరిచి ఉండాల్సిన పని లేదు, దాటేటోడు ఆగగలిగితే చాలు అని చెప్పిన మేడం. గ్యాస్ గూడ గంతే కదా, మూసుకున్న పగులు కాడ ఆగుతది, తెరిస్తే పోతది. దారి ఉందా లేదా అని కాదు, ఎంత సేపు పడుతది అని అడగాలె అన్న" అంది.

విన్న వెంటనే దాన్ని కాగితం మీద రాసుకున్నాను. మారే పగుళ్ల గురించి ఇతర దేశాల వాళ్లు ఎప్పుడో రాశారు. కానీ ఒత్తిడితో మూసుకునే పగుళ్లకు దీన్ని ఇలా పెట్టడం కొత్తదే. చిన్న కొత్తదనం. అయినా శ్రీకాంత్ పేపర్ మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

రంగారావు గారు దీనికి సాక్ష్యం ఏమైనా ఉందా అని అడిగారు. "ఏముంటది సార్, బస్సుల మాట్లాడుకున్నం" అందామె. తర్వాత, "నేను ఆయన్ను దొంగ అంటలేను. నా పేరు ఎటు పోయిందని అడుగుతున్న" అంది.

మరుసటి వారం శ్రీకాంత్‌ను పిలిచాం. ఆమె కన్నా ఆరేడేళ్లు చిన్నవాడు. కొత్తగూడెంలో కాంట్రాక్ట్ లెక్చరర్. పర్మనెంట్ పోస్టుకు ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది. అక్కడ అచ్చయిన పేపర్లకు మార్కులుంటాయి. ఒక్కరి పేరుతో ఉంటే మార్కులన్నీ వాళ్లవే, ఇద్దరుంటే పంచుకోవాలి. అతనికి ఉన్నది ఆ ఒక్క పేపరే.

అతను సిద్ధమై వచ్చాడు. పేపర్ చివర కృతజ్ఞతల వరుసలో, "ఉపయోగకరమైన సంభాషణలకు స్టెల్లా గారికి ధన్యవాదాలు" అని రాశానని చూపించాడు. బస్సులో వాగుల కథ విన్నమాట నిజమేనన్నాడు. కానీ కథ వేరు, ఫిజిక్స్ వేరు అన్నాడు. ఆ కథను సమీకరణంగా మార్చడానికి తాను ట్యూషన్లు మానుకుని నెలల తరబడి కూర్చున్నానన్నాడు. పిల్లాడికి జ్వరమొస్తే భార్య ఒక్కతే దవాఖానాకు తీసుకుపోయిందనీ, తను కంప్యూటర్ ముందు నుంచి లేవలేదనీ చెప్పాడు. ఒక్కరి పేరుతో పంపడానికి గైడ్ గారు కూడా ఒప్పుకున్నారన్నాడు.

"వారు ఒక్క లైన్ లెక్క చేయలే మేడం. మాట అందరం అంటం. చేసినోళ్లదే కదా పని" అన్నాడు. విచారణంతా ఆమెను వారు అనే అన్నాడు. అదివరకు అక్కా అని పిలిచేవాడని నాకు తెలుసు. మా కారిడార్‌లో చాలాసార్లు విన్నాను.

గైడ్ గారికి ఫోన్ చేశాను. రిటైర్మెంట్‌కు దగ్గర పడ్డ మనిషి, మంచివారు. ఇద్దరూ వచ్చి ఉత్సాహంగా చెప్పేవారనీ, ఎవరికి ముందు తట్టిందో తానెప్పుడూ అడగలేదనీ, లెక్క ఎవరు చేస్తే వాళ్లు రాసుకోమన్నాననీ చెప్పారు. అంతకు మించి ఆయన నుంచి ఏమీ రాలేదు.

కమిటీలో మేమే ఏకాభిప్రాయానికి రాలేకపోయాం. రంగారావు గారి దృష్టిలో ఊహ గాలి లాంటిది, రుజువు చేసినవాడిదే ఫలితం. వాళ్ల సబ్జెక్టులో పద్ధతి అది. నేను ఒప్పుకోలేదు. ఫిజిక్స్‌లో సరైన ప్రశ్న అడగడం సగం పని అన్నాను. మరి ఆ సగాన్ని ఎలా కొలుస్తారని ఆయన అడిగారు. ఆ అధికారి మాత్రం సాక్ష్యం లేదు కాబట్టి థీసిస్‌లో ఆ అధ్యాయం తీసేయమని రాసి ఫైల్ మూసేద్దామన్నారు. అధ్యాయం తీసేస్తే థీసిస్సే ఉండదని ఆయనకు అర్థం చేయించడానికి ఆ పూటంతా పట్టింది.

చివరికి ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెడదామన్నాను. ఎవరు ఏం చేశారో వాళ్లను అడిగితే ఇదివరకు చెప్పిందే మళ్లీ చెబుతారు. అందుకని వేరే రకంగా అడిగాను. బోర్డు దగ్గరికి వచ్చి శ్రీకాంత్ స్టెల్లా చేసింది చెప్పాలి, స్టెల్లా శ్రీకాంత్ చేసింది చెప్పాలి. తమ సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఇందులో నా తెలివేమీ లేదు. ఒకరి పని ఒకరికి ఎంత అర్థమైందో తెలిస్తే, ఎవరి చేతిలో ఏముండేదో తెలుస్తుందనుకున్నాను.

శ్రీకాంత్ ముందు లేచాడు. పొడిపొడిగా మొదలుపెట్టాడు. పలక గీశాడు, పగుళ్లు గీశాడు. స్టెల్లా గారు ఒత్తిడి భాగం చూసేవారు అన్నాడు. ఆ తర్వాత బస్సులో ఆమె చెప్పింది చెప్పాలి. వాగులు మూడు గీతలుగా గీసి, చాక్‌పీస్ కింద పెట్టాడు.

"ఇది విన్నప్పుడు నేను తప్పన్న" అన్నాడు. "బస్సు కొణిజర్ల వచ్చేదాకా వాదించిన. దారి లేకుంటే లేదు, ఆగుడేంది, గ్యాస్ ఏమన్న మనిషా అన్న. వచ్చే వారం గూడ గదే వాదించిన. అక్క మాత్రం ఒక్కటే అడిగింది, నీ లెక్కల గడియారం ఏడుంది అని."

ఆ మాట ఇదివరకు మాకు ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. స్టెల్లా కూడా మర్చిపోయినట్టుంది, తలెత్తి చూసింది. నిజంగానే అతని పాత లెక్కలో కాలం అనేదే లేదు. పగుళ్లను ఒక ఫోటో తీసి అందులో దారి వెతుకుతున్నట్టుండేది. ఆ ఒక్క ప్రశ్నతో అది మారిపోయింది.

అతను మా వైపు తిరిగాడు. "కొన్ని రోజులకు ఇంట్ల కూసోని లెక్క చేస్తుంటే సమజైంది మేడం, ఆమె చెప్పిందే కరెక్టని. నేనే ఒప్పుకున్న, ఎవరు ఒప్పియ్యలే. ఆ ఒప్పుకునుడు నా మనసుల అయింది కదా. ఇగ అప్పటి సంది అది నాదే అనిపించింది. అబద్ధం చెప్పాలని రాయలే."

రంగారావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను స్టెల్లాను లేవమన్నాను.

ఆమె లేచి అతని లెక్క చెప్పడం మొదలుపెట్టింది. కాగితం చూడకుండా, తడబడకుండా చెప్పింది. మధ్యలో ఒకచోట ఆగి తనంతట తానే ఒక విషయం ఒప్పుకుంది. వాగుల దగ్గర ఆగిన సమయాలన్నీ వరసగా కూడితే మొత్తం వస్తుందని తాను అనుకుందట. శ్రీకాంత్ లెక్క అలా కాదని చూపించింది. దారులు చాలా ఉన్నప్పుడు గ్యాస్ ఏది ముందు తెరుచుకుంటే దాంట్లో పోతుంది. దాదాపు ఆలస్యమంతా ఏవో కొన్ని పగుళ్ల దగ్గరే పోగవుతుంది. ఆ కొన్నింటిని పట్టుకుంటే చాలు, మిగతావి లెక్కలోకే రావు.

"అది నాకు తట్టలే. నేనైతే కూడుకుంట పోయేదాన్ని, తప్పొచ్చేది" అంది. "ఇంకోటి గూడ చెప్పాలె మేడం. నా మూడో అధ్యాయంల ఉన్న ఫార్ములా ఆయనది. కోపంల పేపర్ పేరు రాయలే. ఆలోచన నాది కదా అనుకున్న. ఫార్ములా మాత్రం నాది కాదు."

ఎగ్జామినర్ అడిగిన ప్రశ్నకు అక్కడే జవాబు దొరికింది. ఆయన అన్నది తప్పు కాదు, అదే మొత్తం నిజం కూడా కాదు.

రిపోర్టులో మేం ముగ్గురం కలిసి రాసింది ఇది. ప్రశ్న స్టెల్లాది, లెక్క శ్రీకాంత్‌ది, రెంటిలో ఏది లేకపోయినా ఆ ఫలితం లేదు. కాబట్టి పేపర్‌లో ఇద్దరి పేర్లూ ఉండాలి, ఎవరు ఏం చేశారో ఒక వాక్యం ఉండాలి. స్టెల్లా ఆ పేపర్‌ను థీసిస్‌లో చూపించి, ఫార్ములా ఎవరిదో రాయాలి. జర్నల్‌లో అచ్చయ్యాక పేరు చేర్చాలంటే ఒక పద్ధతి ఉంది. రాసినవాళ్లంతా సంతకం పెట్టి ఎడిటర్‌ను అడిగితే సవరణ వేస్తారు. శ్రీకాంత్ సంతకం లేకపోతే అది జరగదు.

అది చదివాక అతను నా గదికి వచ్చాడు. ఇంటర్వ్యూ అయిపోయేదాకా ఆగవచ్చా అని అడిగాడు. ఆగితే స్టెల్లా గడువు దాటిపోతుందని చెప్పాను. తాను సంతకం పెట్టకపోతే ఏమవుతుందని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. మా కమిటీకి బలవంతపెట్టే అధికారం లేదు. బస్సులో మాటలకు రుజువు లేదు. బోర్డు దగ్గర నువ్వు చెప్పిన మాట ఒక్కటే ఉంది, దాన్ని వెనక్కి తీసుకుంటే మేం ఏమీ చేయలేం. పేపర్‌లో పేరు లేకపోతే ఆ అధ్యాయం ఆమెదని ఎగ్జామినర్ ఒప్పుకోరు, ఆమె థీసిస్ ఆగిపోతుంది, నీ పేపర్ నీ పేరుతోనే ఉంటుంది.

అతను రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత, "ఇంటికాడ ఏం చెప్పాలె మేడం" అన్నాడు. మీ ఇంటి సంగతి నీకే తెలుసు అన్నాను. అప్పుడు నాకు అతని మీద జాలి కలిగింది. రెండు కుటుంబాల భవిష్యత్తు అలా ఒక సంతకం మీద ఉండడం నాకు నచ్చలేదు. తీర్పు చెప్పడం తేలికే గానీ, దాన్ని మోసేది అతను.

సోమవారం వచ్చి సంతకం పెట్టాడు. ఎడిటర్‌కు రాయాల్సిన మాటలు తనే రాసుకొచ్చాడు. "ప్రశ్నను మార్చినది రెండో రచయిత" అని ఉంది అందులో. మేం చెప్పిన వాక్యం కన్నా అది బాగుంది. తన పేరు రెండోదిగా ఉండడానికి స్టెల్లా అభ్యంతరం చెప్పలేదు.

సవరణ వచ్చింది. ఎగ్జామినర్ థీసిస్‌ను ఒప్పుకున్నారు. వైవాలో ఆమె వాగుల సంగతి చెప్పినప్పుడు ఆయన నవ్వి, ఇది మొదట్లోనే రాసి ఉండాల్సిందన్నారు. ఆ ఇంటర్వ్యూలో శ్రీకాంత్‌కు పోస్టు రాలేదు. పంచుకున్న మార్కుల వల్లే రాలేదా అంటే ఎవరూ చెప్పలేరు, అక్కడ పోస్టు వచ్చినవాళ్లకు ఇంకా చాలా పేపర్లున్నాయి. ఆ తర్వాతి ఏడాది సత్తుపల్లిలో ఒక కాలేజీలో చేరాడు. ఇద్దరూ కలిసి మళ్లీ ఏమీ రాయలేదు. ఎదురుపడితే మర్యాదగా మాట్లాడుకుంటారని విన్నాను. రాసి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఆ బొగ్గులో చేయాల్సింది ఇంకా చాలా ఉంది, వాళ్లిద్దరిలాంటి జోడీ మా సెంటర్‌కు మళ్లీ రాలేదు.

ఈ కేసు తర్వాత నేను పని చేసే తీరు కొంచెం మారింది. నా దగ్గర ఇద్దరు స్కాలర్లు కలిసి పనిచేస్తుంటే, పని నడుస్తున్నప్పుడే ఒకరు చేసింది ఇంకొకరితో నా ముందు చెప్పిస్తాను. వాళ్లకు అది వింతగా ఉంటుంది, కొందరు విసుక్కుంటారు. విసుక్కున్నా మానను. ఎందుకంటే శ్రీకాంత్ దొంగ కాదు. అతనికి జరిగింది ఎవరికైనా జరుగుతుంది. వేరేవాళ్ల మాటను మనం కష్టపడి అర్థం చేసుకుంటే, ఆ కష్టం మనదే కాబట్టి మాట కూడా మనదే అనిపిస్తుంది. ఏడాది గడిస్తే అనిపించడం పోయి నమ్మకమే అవుతుంది. అప్పుడు ఏ కమిటీ అడిగినా మనం చెప్పేది నిజమే అనుకుని చెబుతాం.

మొన్న వేసవిలో శ్రీకాంత్ నుంచి ఫోన్ వచ్చింది. చాలా కాలానికి గొంతు విన్నాను. క్లాసులో డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి ఒక ప్రశ్న అడిగిందట. అప్పుడు సరిగా జవాబు చెప్పలేక ఇంటికి పోయి చూస్తే అందులోంచి చిన్న ఫలితం ఒకటి వచ్చేలా ఉందట. ఆ అమ్మాయి పేరేంటో, ఏం అడిగిందో, ఏ పాఠం మధ్యలో అడిగిందో అంతా వివరంగా చెప్పాడు. ఇప్పుడు ఏం చేయాలో అడుగుతున్నాడేమో అనుకుని, నీకు తెలియనిదేముంది అన్నాను.

"తెలుసు మేడం, అడగనీకి ఫోన్ చెయ్యలే" అన్నాడు. "లెక్క ఇంక మొదలుపెట్టలే. మొదలుపెడితే నాకు వేరే తీరు యాదికుంటది. అందుకే ఇయ్యాలనే మీకు చెప్పి పెడుతున్న."